ఇటుకల ఫిరంగి



పిల్లలకు యుద్ధపు బొమ్మల నీయవచ్చునా, కూడదా యని మన పాఠకురాండ్రు కొందఱు మమ్ము తఱచుగ నడుగుచుందురు. ఇంతవఱకు మేమీ ప్రశ్నకు సూటిగ బదులు చెప్పలేదు. చెప్పదగిన యనుభవము మాకు లేకుండుటయే దానికి కారణము. గడచిన సంక్రాంతికి మలక్‌పేటలో మా చెల్లెలి యింట జరిగిన సంగతివలన మాకు కొంత తెలిసివచ్చినది. దానినే యీ మాసమున మనవి చేయుచున్నాము.

మా చెల్లెలికి ఇద్దఱు బిడ్డలు. పిల్లవానికి పదియేండ్లు, పిల్లకు ఏడేండ్లు. వారింట ఏటేట సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టుట ఆచారము. మా చెల్లెలి యత్తగారు కొండపల్లి బొమ్మలను, లక్కపిడతలను పాత చీరపేలికలలో చుట్టి పెట్టెలో భద్రపఱచి, భోగినాటికి వెలికి తీయుదురు. ఈ యేడు కొలువులో తాను స్వయముగ కట్టిన బొమ్మ నొకదానిని పెట్టెదనని పిల్లవాడు పట్టుపట్టెను. ఆ బొమ్మ యేదనగా, ఆటయిటుకలతో కట్టిన అడుగు పొడవు ఫిరంగి! "లక్ష్మీదేవి యెదుట ఫిరంగి పెట్టనీయను" అని అత్తగారు ఖండితముగ చెప్పిరి.

కథ యెట్లు ముగిసెనో చెప్పుటకు ముందు, ఎట్లు మొదలయ్యెనో చెప్పవలయును.

దసరా సెలవులలో మేము వారింట నుంటిమి. ఒకనాడు పిల్లలను వెంటబెట్టుకొని మెట్రో బండిలో దిల్‌సుఖ్‌నగరునకు పోవుచుండగా, నడుమ నొక స్టేషనులో "మూసారాంబాగ్" అను పేరు వినవచ్చెను. పిల్లవాడు వెంటనే "పెద్దమ్మా! మూసారాం ఎవరు?" అని యడిగెను. ఎన్నిమారులో ఆ దారిని పోయియు మేమెన్నడు నీ ప్రశ్న వేసికొనలేదు. ఆ రాత్రియే పుస్తకములు తిరుగవేసితిమి.

ఆ మూసారాము మన దేశీయుడు కాడు, ఫ్రెంచివాడు. పేరు మిషెల్ రేమండు. 1755లో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున పుట్టి, 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చి, పిమ్మట సైనికుడై, తుదకు రెండవ ఆసఫ్‌జాహీ నిజామైన నిజాం అలీఖాను కొలువులో చేరెను. అతడు ఫ్రెంచి పద్ధతిని తర్ఫీదు చేసిన దళములు కాలక్రమమున 14,000 మంది వఱకు పెరిగినవి. 1795లో మహారాష్ట్రులతో జరిగిన ఖర్డా యుద్ధమున నిజాము ఓడిపోయినను, ఈ దళములు గట్టిగ నిలిచి పోరాడెను. 1798 మార్చి 25వ తేదీన, నలువదిమూడవ యేట, రేమండు మరణించెను. ఆ యేటి అక్టోబరులోనే ఇంగ్లీషువారు అతని దళములను చుట్టుముట్టి ఆయుధములు దింపించిరి. దళములు పోయినను పేరు నిలిచినది. ఫ్రెంచివారు పెద్దమనిషిని "ముస్యే" యని పిలుతురు. "ముస్యే రేమండ్" అను మాటను హిందువులు మూసారామ్ అనియు, ముసల్మానులు మూసారహీమ్ అనియు తమ తమ నోళ్లకు, తమ తమ దేవుళ్లకు అనువుగ మార్చుకొనిరి. పరదేశి సేనానికి ఇట్లు రెండు మతములవారు పేరు పెట్టుకొనుట అరుదైన సంగతి.

మఱునాడే ఆస్మాన్‌గఢ్ గుట్టమీదికి పోయి యతని సమాధిని చూచితిమి. నల్లరాతి స్తంభ మొకటి, నలుప్రక్కల పలకలుగ చెక్కి, పైకి పోనుపోను సన్నగిల్లునట్లు నిలిపియున్నది. ప్రక్కన స్తంభములతో గూడిన మంటపము కలదు. అది 2001లో వానలకు కూలిపోగా, మరల కట్టిరి. చాలకాలము పట్టణపు జనులు అతని మరణదినమున ఇచ్చటికి వచ్చి దీపములు పెట్టుచుండెడివారు.

ఈ రేమండే హైదరాబాదులో ఫతే మైదానమునకు సమీపమున ఫిరంగులు పోతపోయు కార్ఖానాను పెట్టించెను. దానిని ఉర్దూలో "తోప్ కా సాంచా" యందురు. తోపు అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు. అబిడ్సు దగ్గఱ గన్‌ఫౌండ్రీ యను పేటకు ఆ పేరు వచ్చుట దీనివలననే. ఇది విన్న పిల్లవాడు నిజమైన ఫిరంగి యెంత యుండునో చూపు మని వేధింప నారంభించెను. మఱుసటి ఆదివారము గోలకొండకు పోయితిమి.

గోలకొండ కోటలో పేట్లాబురుజుపై "ఫతే రహ్బర్" అను ఫిరంగి కలదు. ఇది రేమండు పుట్టుకకంటె ఎనుబదియేండ్లకు పైగా పాతది. 1672లో ఔరంగజేబు పాదుషాకొఱకు మహమ్మదు అలీ అరబ్ అను పోతపనివాడు దీనిని తయారు చేసెను. పొడవు సుమారు 16 అడుగులు. పేరునకు అర్థము "విజయమునకు దారి చూపునది" యని. వింత యేమనగా, కోటను కూల్చుటకు తెచ్చిన ఫిరంగి నేడు ఆ కోట బురుజుమీదనే కూర్చుండి, చూడవచ్చినవారి పిల్లలచేత తడుముకొనబడుచున్నది.

మన వంటింటి కంచు గిన్నెకును, గుడిగంటకును, ఈ ఫిరంగికిని చుట్టఱికము కలదు. రాగియు తగరమును కలిసిన లోహమే మూడును. నూటికి రాగి 90 పాళ్లు, తగరము 10 పాళ్లు ఉన్నచో లోహము దెబ్బకు తట్టుకొనును. తగరము 20 పాళ్లు దాటినచో ఖంగున మ్రోగును గాని పెళుసగును. గంటకు మ్రోత ముఖ్యము. ఫిరంగికి పగులకుండుట ముఖ్యము. రేమండు జీవించియున్న కాలముననే ఫ్రాన్సు దేశపు విప్లవమున చర్చిగంటలను కరగించి ఫిరంగులు పోసిరి. ఈ మాట చెప్పగా మా పిల్ల ఇంటికి వచ్చినతోడనే పూజగంటను తీసి, తన పెట్టెలో దాచుకొన్నది.

"దీనిని ఇటుకలతో కట్టెదను" అని పిల్లవాడనెను. వానికి పుట్టినరోజు బహుమానములుగ వచ్చిన లెగో యిటుకలు ఒక గోనెసంచికి సరిపడునన్ని కలవు. ఈ యిటుకలను గుఱించి రెండు మాటలు చెప్పవలయును. డెన్మార్కు దేశమున బిల్లుండ్ గ్రామములో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ మొదలుపెట్టెను. "బాగుగ నాడుకొనుము" అను అర్థమిచ్చు రెండు డేనిషు మాటలను కలిపి లెగో యని పేరు పెట్టెను. ప్లాస్టికు ఇటుకలు 1949లో వచ్చినవి. మొదట వాని యడుగున బోలు మాత్రమే యుండుటచే కట్టినది నిలువక జాఱిపోయెడిది. 1958లో లోపల చిన్న గొట్టములను అమర్చిరి. పై యిటుక గొట్టములు క్రింది యిటుక బుడిపెలను బిగియ పట్టుకొనుట వలన కట్టడము కదలదు. ఆనాటి యిటుక నేటి యిటుకకు కూడ చక్కగ అతుకును. ఎనిమిది బుడిపెల యిటుకలు, ఒకే రంగువి, ఆఱు మాత్రమే యున్నను వానిని 91,51,03,765 విధములుగ కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్కకట్టిరి. ఆ సంస్థ నేటి యుద్ధయంత్రముల నమూనాలను చేయదు. సముద్రపు దొంగల ఓడలమీది పాతకాలపు ఫిరంగులను మాత్రము చేసెను. బజారులో లేని బొమ్మ కావున, గోలకొండ ఫిరంగిని మేమే ఊహించి కట్టుకొనవలసివచ్చెను.

మొదట లెక్క. 16 అడుగుల ఫిరంగిని ఒక్క అడుగునకు దింపవలయును. ఒక అడుగు అనగా 305 మిల్లీమీటర్లు. ఇటుకమీద ఒక బుడిపె నడిమినుండి రెండవ బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. కావున 38 బుడిపెల పొడవు కావలయును. ఈ భాగహారమును పిల్లవాడు నోటుపుస్తకమున తానే చేసెను. బడిలో భాగహారమన్న కడుపునొప్పి తెచ్చుకొను పిల్లవాడు!

రెండవ చిక్కు గుండ్రదనము. ఇటుకలు నలుపలకలు, ఫిరంగి గొట్టము గుండ్రన. తొలినాడు ఇటుకమీద ఇటుక పేర్చగా, అది ఫిరంగివలె గాక మెట్లదారివలె కనబడెను. రెండవమారు నడుమ నొక దూలమును కట్టి, ప్రక్కలకు బుడిపెలున్న ప్రత్యేకపు టిటుకలను దానిలో నమర్చి, నాలుగు వైపుల వంపుగల ముక్కలను అడ్డముగ అతికించితిమి. ఇట్లు అడ్డముగ కట్టునపుడు కొలతలు కలియవలెనన్న నొక సూత్రము కలదు. పలుచని పలకలు అయిదు ఒకదానిపై నొకటి పెట్టినచో, ఆ మందము సరిగ రెండు బుడిపెల వెడల్పునకు సమానమగును. ఇది తెలిసిన పిమ్మట సందులు మూసికొనెను.

మూడవ చిక్కునకు మందు అత్తగారే చెప్పిరి. గొట్టము నడుమ వంగి విఱిగిపోవుచుండెను. ఆమె కుర్చీలో కూర్చుండి చిక్కుడుకాయల నారలు తీయుచు, "అతుకుమీద అతుకు వచ్చినదిరా నాయనా! మన యిల్లు కట్టునపుడు మేస్త్రీని దగ్గఱ నిలువబడి చూచితిని. క్రింది వరుస అతుకుమీదికి పై వరుస ఇటుక నడుము రావలయును" అనిరి. దూలమును విప్పి అట్లే కట్టగా, ఇక వంగలేదు.

నాలుగవది తూకము. ఫిరంగి వెనుక భాగము లావు. మందు మండునది అచ్చటనే గనుక ఒత్తిడి యెక్కువ. గుండు ముందునకు సాగినకొలది ఒత్తిడి తగ్గును. అందుచే వెనుక మందముగను, ముందు పలుచగను పోత పోయుదురు. ప్రెషరు కుక్కరు వంటి మన పాత్రను గట్టి లోహముతో చేయుటకును ఇట్టి కారణమే. సరిగ నడుమ నొక దిమ్మె పెట్టగా మా ఫిరంగి వెనుకకు తూలిపడెను. త్రాసుముల్లు వెదకినట్లు అటునిటు జరిపి, దిమ్మెను మూడు బుడిపెలు వెనుకకు జరిపిన పిమ్మట నిలిచెను. దీపావళినాటికి ఆఱువందలకు పైగా ముక్కలతో నల్లని ఫిరంగి సిద్ధమైనది.

ఆ సాయంకాలము పిల్లవాడు దానిని వాకిటివైపు త్రిప్పి, "ఢాం!" అని పెద్దపెట్టున అఱచెను. అత్తగారు చేతిలోని పళ్లెమును క్రింద పెట్టి, ఒక్క మాటయు పలుకక లోనికి పోయిరి. కొలువులో ఫిరంగి కూడదని ఆమె చెప్పినది అటుపిమ్మటనే. అది చాదస్తమని మేమనుకొంటిమి. మా చెల్లెలును అట్లే యనుకొన్నది. ఇట్టి తొందరపాటునకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము.

రెండుదినములు గడచిన పిమ్మట పిల్లవాడే పోయి, "నాయనమ్మా! నీకు ఫిరంగి ఎందుకు గిట్టదు?" అని యడిగెను. ఆమె గోడమీది పాత పటము నొకదానిని చూపిరి. "వీడు మా అన్న. ఫిరంగుల పటాలములో పనిచేసెను. 1971 డిసెంబరులో యుద్ధమున పోయెను. ధనుర్మాసము, మా అమ్మ వాకిట ముగ్గు పెట్టుచుండగా తంతి వచ్చినది. ఆ ముగ్గు సగములోనే నిలిచిపోయినది. ఆ యేడు మా యింట కొలువు పెట్టలేదు. ఆ చప్పుడు నాకు ఆటగాదు, నాయనా" అనిరి.

ఆ పటము క్రింద ఆ బాలుడు పదియేండ్లుగా తిరుగాడుచున్నాడు. అదెవరి పటమని వాడెన్నడు నడుగలేదు; వానికి ఎవ్వరును చెప్పలేదు.

ఆనాటి రాత్రి వాడు మా వద్దకు వచ్చి, "పెద్దమ్మా! గోలకొండ ఫిరంగి ఎంతమందిని చంపెను? కోటను పడగొట్టెనా?" అని యడిగెను. నెలదినములు కొలతలడిగిన పిల్లవాడు ఈ ప్రశ్న నడుగుట అదే మొదలు. దాచక చెప్పితిమి.

ఔరంగజేబు 1687 జనవరిలో గోలకొండను ముట్టడించెను. కోటలో సుల్తాను అబుల్‌హసన్ తానాషా. ముట్టడి ఎనిమిది నెలలు సాగెను. ఫిరంగులు మ్రోగుచుండెను గాని కోట లొంగలేదు. గోడల క్రింద సొరంగములు త్రవ్వి మందు దట్టించి పేల్చగా, కొన్ని వెనుకకు తన్ని ముట్టడించినవారినే చంపెను. వానలు, వఱదలు, కఱవు, రోగములు రెండు పక్షములవారిని పీడించెను. తుదకు సెప్టెంబరులో కోట పట్టుబడినది ఫిరంగివలన గాదు. లోపలి యధికారి అబ్దుల్లాఖాన్ పన్నీ యనువాడు ధనమునకు లోబడి రాత్రివేళ తలుపు తీసెను. అబ్దుర్రజ్జాక్ లారీ యనువాడు మాత్రము లంచమును త్రోసివైచి, ఒంటరిగ శత్రువుల నెదిర్చి, ఒడలెల్ల గాయములై పడిపోయెను. అతని విశ్వాసమును మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించెను. తానాషాను దౌలతాబాదు కోటకు పంపిరి. అతడు అచ్చటనే బందీగ మరణించెను. విజయమునకు దారి చూపునది యని పేరు పెట్టుకొన్న ఫిరంగి దారి చూపనేలేదు.

పిల్లవాడు చాలసేపు ఊరకుండి, "అయితే ఆ తలుపు తీసినవాని పేరు మీద బురుజు లేదా?" అనెను. లేదంటిమి.

భోగినాడు కొలువు పెట్టునపుడు వాడు ఫిరంగి మాట యెత్తలేదు. అత్తగారే పిలిచి, "నీ బొమ్మ యేదిరా?" అనిరి. అడుగుమెట్టుమీద, బియ్యము పప్పులు పోసిన దుకాణపు బొమ్మకు ఆవలగా చోటు చూపిరి. మూతి దేవివైపు గాని, వచ్చు పేరంటాండ్రవైపు గాని ఉండరాదని ఒక్క షరతు పెట్టిరి. వాడు దానిని గోడవైపు త్రిప్పి, ముందర అట్టముక్క నొకటి నిలిపి, దానిమీద "ఫతే రహ్బర్, 1672. దీనివలన కోట పడలేదు" అని వ్రాసెను. ఆ ప్రక్కనే ఆమె తన అన్నగారి పటమును గోడనుండి దింపి, తుడిచి, తన చేతులతో పెట్టిరి. ఏబదియేండ్లకు పైగా అది ఆ మేకునుండి దిగలేదట.

పేరంటమునకు వచ్చిన ప్రక్కింటి పిల్లలు "ఇది పేలునా?" అని యడుగగా, వాడు పెద్దవానివలె "పేలినను లాభము లేదు. తలుపు లోపలినుండి తీసిరి" అని చెప్పుచుండెను. ఒక పేరంటాలు పటము ఎవరిదని యడిగెను. అత్తగారు చెప్పిరి. మా చెల్లెలు పెండ్లియై వచ్చిన పిమ్మట ఆమె నోట ఆ కథను పరులకు చెప్పగా వినుట అదే మొదటిసారియట.

ముక్కనుమనాడు కొలువెత్తిన పిమ్మట పిల్లవాడు తానే ఫిరంగిని విప్పివేసెను. ఆ నల్లయిటుకలతో చెల్లెలి చేత కూడ పని చేయించి, గుట్టమీది మూసారాము స్తంభమును కట్టెను. చివరకు నల్లవి చాలక, కొనకు బూడిదవన్నె ఇటుకలు పెట్టవలసివచ్చెను. అది యిప్పుడు వారి కిటికీలో నున్నది.

ఇక మా యభిప్రాయము. అంగడిలో కొని చేతికిచ్చిన తుపాకిబొమ్మ పిల్లవానికి చప్పుడును మాత్రమే నేర్పును. తాను కట్టిన బొమ్మ "ఇదెందుకు లావు? ఇదెందుకు వంగెను? ఇదేమి చేసెను?" అని ప్రశ్నలు పుట్టించును. ఆ ప్రశ్నలకు తల్లి బదులు చెప్పవలయును. చివరి ప్రశ్నకు మఱింత శ్రద్ధతో చెప్పవలయును. వలదని లాగికొన్నచో, మా చెల్లెలి యింట ఆ పటము ఇప్పటికిని గోడమీదనే మూగగ నుండెడిది. ఏమియు చెప్పక ఊరకున్నచో, పిల్లవానికి "ఢాం" అను కేక యొక్కటే మిగిలెడిది. మీ యింటను ఇట్టి పటమొకటి యుండవచ్చును. అదెవరిదో పిల్లలకు ఈ నెలలోనే చెప్పుడు.

ఈ యాటను పెట్టదలచిన గృహిణులకు కొన్ని సూచనలు. ఈ యిటుకలు వెలగలవి. కావున ఒకే పెట్టెను ఇద్దఱు ముగ్గురు బిడ్డలు పంచుకొనునట్లు చేయుడు. బంధువుల పిల్లలు ఆడి విడిచినవి దొరకినను పనికివచ్చును. వేర్వేరు సంస్థల యిటుకలను కలిపినచో పట్టు సడలును. మూడేండ్లలోపు బిడ్డలున్న యింట చిన్న ముక్కలను నేలమీద విడువరాదు. గొంతున బడినచో ప్రమాదము. మాసిన యిటుకలను గోరువెచ్చని సబ్బునీట చేతితో కడిగి నీడన ఆరబెట్టవలయును. 40 డిగ్రీలకు మించిన వేడినీరు తగిలినచో వంకరలు పోవును. కట్టునపుడు నోటుపుస్తకమును, కొలబద్దను దగ్గఱ నుంచుడు. ఇంటిలోని పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. అతుకుల రహస్యము వారికి తెలిసియుండును.